కండరాల బలహీనత: ముందు మూలం, తర్వాత మోతాదు

కండరాల బలహీనతతో వచ్చిన మనిషిని నరాల వైద్యుడు మొదట అడిగే ప్రశ్నలు చాలా మామూలుగా ఉంటాయి. నేల మీద కూర్చుంటే చేతుల ఆసరా లేకుండా లేవగలుగుతున్నారా? మెట్లు ఎక్కడం కష్టమా, దిగడం కష్టమా? దండెం మీద బట్టలు ఆరేయడానికి చేతులు పైకి లేస్తున్నాయా? కంచంలో అన్నం కలపగలుగుతున్నారా, లేక కలిపిన ముద్దను నోటిదాకా తేవడంలోనే ఇబ్బందా? నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోతోందా, జారిన సంగతి వెంటనే తెలుస్తోందా? ఈ ప్రశ్నల్లో ప్రతి ఒక్కటీ శరీరంలో ఒక నిర్దిష్టమైన చోటును వెతుకుతుంది. నేల మీంచి లేవలేకపోతే తుంటి, తొడ కండరాలను అనుమానించాలి. అన్నం కలపలేకపోతే అరచేతిలోని చిన్న కండరాలను, ముద్ద నోటిదాకా రాకపోతే భుజం, మోచేతి కండరాలను చూడాలి. చెప్పు జారుతున్నదని తెలిసినా ఆపుకోలేకపోతే పాదాన్ని పట్టి ఉంచే కండరాలకు శక్తి తగ్గిందని అర్థం. జారిన సంగతే తెలియకపోతే పాదంలో స్పర్శ పోయిందని అర్థం. ఏళ్ళ తరబడి మధుమేహం ఉన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది.

ఆ తర్వాత చేయవలసింది నీరసాన్నీ బలహీనతనూ విడదీయడం. రక్తహీనత, నిద్రలేమి, దిగులు ఉన్న మనిషి ఒంట్లో బలం లేదంటాడు, కానీ పరీక్షిస్తే చాలా సందర్భాల్లో ప్రతి కండరమూ అడిగినంత బలాన్ని చూపిస్తుంది. అసలైన బలహీనతలో మనిషికి చేయాలనే ఉత్సాహం ఉన్నా కండరం సహకరించదు. మన ఊళ్ళలో ఈ రెండింటికీ తరచుగా ఒకే వైద్యం జరుగుతుంది: ఒక సెలైన్ సీసా, ఒక బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్, పది రోజులకు సరిపడా బలం మాత్రలు. వాంతులతో, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి సెలైన్ ప్రాణాధారమే, కానీ ఆ ఉప్పునీటిలో కండరానికి బలాన్నిచ్చేది ఏదీ లేదు. ఇలా గడిచిపోయే నెలల్లోనే నయం కాదగిన జబ్బులు కొన్ని ముదిరిపోతాయి.

పునరావాస చికిత్స విషయంలోనూ ఇలాంటి అస్పష్టతే ఉంది. ఫిజియోథెరపీ అంటే కాళ్ళూ చేతులూ ఆడించడం, కరెంటు పెట్టడం, నూనె మర్దన చేయడం అని చాలామంది అనుకుంటారు. నిజానికి బలహీనతకు వ్యాయామం ఒక మందు. జబ్బును బట్టి దాన్ని ఎంచుకోవాలి, మోతాదు నిర్ణయించాలి, ఆ మోతాదును ఒక క్రమంలో పెంచాలి, కొన్ని జబ్బుల్లో అదుపులో ఉంచాలి. మూలం తేలకుండా మొదలుపెట్టిన వ్యాయామం వృథా కావచ్చు, అరుదుగా హాని కూడా చేయవచ్చు. మూలం తేలాక చాలీచాలని మోతాదులో నెలల తరబడి సాగే వ్యాయామం, మన దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే, రోగికి ఏదో జరుగుతోందన్న ఊరటనిస్తుంది తప్ప అతన్ని నిలబెట్టదు.

సంకేతం ఎక్కడ తెగింది?

మెదడు పైపొరలో పుట్టిన ఆదేశం వెన్నుపాములోకి దిగి, అక్కడి చాలక నాడీకణాన్ని ప్రేరేపించి, నరం వెంట సాగి, నరం కండరాన్ని కలిసే చోట ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి, చివరికి కండర తంతువు ముడుచుకునేలా చేస్తుంది. ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా బయటికి కనిపించేది ఒక్కటే, చేయి లేవదు, కాలు కదలదు. ఆ బలహీనత తీరు మాత్రం చోటును బట్టి మారుతుంది. మెదడుకో వెన్నుపాముకో దెబ్బ తగిలితే మొదట మెత్తగా వేలాడిన కాలు కొన్ని వారాల్లో బిగుసుకోవడం మొదలుపెడుతుంది. కండరం అంతగా సన్నబడదు, మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు మామూలు కన్నా జోరుగా ఎగురుతుంది. నరానికే దెబ్బ తగిలితే ఆ నరం అందుకునే కండరాలు మాత్రమే మెత్తబడి, కొన్ని వారాలు, నెలల్లో కరిగిపోతాయి. నరమూ కండరమూ కలిసే చోట వచ్చే మయస్థీనియా గ్రావిస్‌లో పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి, నమిలేకొద్దీ దవడ అలసిపోతుంది. కండరంలోనే జబ్బు ఉంటే సాధారణంగా రెండు తొడలూ రెండు భుజాలూ సమానంగా తగ్గుతాయి, స్పర్శ మాత్రం చెక్కుచెదరదు.

కూలిపనుల్లో కనిపించే ఒక ఉదాహరణను కాస్త దగ్గరగా చూడవచ్చు. మోకాలికి బయటి పక్క, కాస్త కిందుగా, వేలితో తడిమితే తగిలే ఎముక బొడిపె చుట్టూ పెరోనియల్ నరం దాదాపు చర్మం కిందనే మలుపు తిరుగుతుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుని కలుపు తీసేవారిలో, కాయలు కోసేవారిలో, నేలకు టైల్స్ పరిచేవారిలో ఆ నరం అక్కడ నలిగిపోయి, ఒక సాయంత్రం లేచి నిలబడేసరికి పాదం పైకి లేవకుండా వేలాడుతుంది. చూసినవారు పక్షవాతం అనుకుని భయపడతారు. నరం నలిగిందే తప్ప తెగలేదు కనుక, గొంతుక్కూర్చోవడం మానేసి, పాదం జారకుండా చీలమండకు పట్టీ వేసుకుని, పాదాన్ని పైకెత్తే కండరాలకు సాధన చేయిస్తే ఎక్కువ మందిలో వారాలు, నెలల వ్యవధిలో అది కోలుకుంటుంది. ఇదే పాదం వాలిపోవడం నడుములో డిస్కు జారి నరం వేరు నలిగినందువల్ల కూడా రావచ్చు. అప్పుడు వైద్యం మోకాలి దగ్గర కాకుండా నడుము దగ్గర మొదలుకావాలి.

ఇంకో ఉదాహరణ మన నేలకు ప్రత్యేకంగా చెందింది. భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా గ్రామాల గురించి. ఆ తర్వాత ప్రకాశం, నల్గొండ జిల్లాల్లో ఈ వ్యాధి ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు తాగినవారిలో వెన్నెముక చుట్టూ ఎముక, స్నాయువులు గట్టిపడి వెన్నుపాము ఉండే కాలువ ఇరుకైపోవచ్చు. అలాంటి మనిషికి కాళ్ళు బిగుసుకుని, నడక తడబడి, మూత్రం మీద పట్టు తగ్గుతుంటే, మోకాళ్ళ అరుగుదలనుకుని తొడలకు వ్యాయామం చేయిస్తూ కూర్చోవడం విలువైన కాలాన్ని పోగొట్టుకోవడమే. వెన్నుపాము మీద ఒత్తిడి తీయాలా వద్దా అన్నది ముందు తేలాలి, బలం పెంచే సాధన ఆ తర్వాతి సంగతి.

విటమిన్ డి బాగా తగ్గి ఎముకలు మెత్తబడినవారు బాతు నడకతో, తొడల నొప్పితో వస్తారు. విటమిన్ డి, కాల్షియం సరిచేస్తే వీరి బలం తిరిగి వస్తుంది. థైరాయిడ్ లోపం, పొటాషియం తగ్గడం, కొలెస్ట్రాల్‌కు వాడే స్టాటిన్ మందులు, కీళ్ళ నొప్పులకని ఎవరో ఇచ్చే గుర్తు తెలియని పొడుల్లో కలిసే స్టెరాయిడ్లు కూడా కండరాలను దెబ్బతీస్తాయి. బి12 లోపం వెన్నుపామును, నరాలను నిజంగానే పాడుచేస్తుంది కనుక, రక్తపరీక్షలో ఆ లోపం తేలినవారికి ఆ ఇంజెక్షన్ అసలైన వైద్యం. పరీక్ష లేకుండా అందరికీ పొడవడం మీదే నా అభ్యంతరం.

కొన్ని బలహీనతలు ఫిజియోథెరపీ గదికి రావలసినవే కావు. మాట్లాడుతున్న మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయి, ఒక పక్క చేయి, కాలు పడిపోతే, మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని స్కానింగ్‌లో తేలిన పక్షంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. పావురం రక్తం రాయించడానికి వెళ్ళి పోగొట్టుకున్న ఆ గంటలను తర్వాత ఏ వ్యాయామమూ తిరిగి తేలేదు. పాదాల్లో మొదలైన బలహీనత రోజుల వ్యవధిలో తొడలకు, చేతులకు పాకుతుంటే అది గిలియన్-బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు కావచ్చు. అది ఊపిరి తీసుకునే కండరాలను తాకవచ్చు కనుక వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవాలి. నడుము నొప్పితో పాటు మూత్రం రాకుండా ఆగిపోయినా, మలమూత్రాల దగ్గర స్పర్శ పోయినా ఆ రోజే శస్త్రవైద్యుడికి చూపించాలి.

బలాన్ని కొలవడం

మూలం తెలిశాక బలం ఎంత ఉందో కొలవాలి. ప్రపంచమంతటా ఫిజియోథెరపిస్టులు వాడే 0 నుంచి 5 వరకు కొలమానం బ్రిటన్‌కు చెందిన మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, నరాలకు గాయాలైన సైనికుల కోసం రూపొందించినది. తొడ ముందు భాగంలో ఉండే క్వాడ్రిసెప్స్ కండరాన్ని తీసుకుందాం. రోగి మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని మోకాలిని పూర్తిగా చాపగలిగితే, అంటే గురుత్వాకర్షణకు ఎదురుగా కాలి బరువును తానే ఎత్తగలిగితే, 3. పరీక్షించేవారు చీలమండ దగ్గర చేత్తో అడ్డుకున్నా కొంతవరకు నిలబెట్టగలిగితే 4, వయసుకు తగినంత గట్టిగా నిలబెట్టగలిగితే 5. కాలిని పైకెత్తలేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి, కింద పౌడర్ చల్లిన నున్నటి పలక పెట్టి, కాలి బరువు మోయనవసరం లేకుండా మోకాలిని చాపమంటారు. అలా కదిలితే 2. కదలిక లేకపోయినా, చిప్ప పైన వేళ్ళు ఆనించి ఉంచినప్పుడు కండరం చిన్నగా బిగిసినట్టు తెలిస్తే 1. అదీ లేకపోతే 0.

ఈ కొలమానానికి ఒక పెద్ద లోపం ఉంది. 4 అన్న మెట్టు మరీ వెడల్పైనది. సగం బలం ఉన్నవారు, ముప్పావు బలం ఉన్నవారు కూడా అందులోనే పడతారు. అందుకే వృద్ధుల్లో చేతి పట్టును డైనమోమీటర్‌తో కిలోల్లో కొలుస్తారు, కుర్చీలోంచి లేవడాన్ని గడియారంతో కొలుస్తారు. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో ఇచ్చిన కొలతల ప్రకారం, మగవారిలో పట్టు 28 కిలోల కన్నా, ఆడవారిలో 18 కిలోల కన్నా తక్కువైతే, లేదా చేతులు గుండెకు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే, వయసుతో వచ్చే కండర క్షీణతను అనుమానించి తదుపరి పరీక్షలు చేయాలి. కుర్చీ, గడియారం ఏ ఇంట్లోనైనా ఉంటాయి కనుక ఈ రెండో పరీక్ష నాకు ప్రత్యేకంగా విలువైనదనిపిస్తుంది.

బలం ఎలా తిరిగి వస్తుంది?

ఒక చాలక నాడీకణమూ అది నడిపించే కండర తంతువులన్నీ కలిసి ఒక చాలక యూనిట్. కనుగుడ్డును తిప్పే కండరాల్లో ఒక్కో యూనిట్‌కు పదో పరకో తంతువులుంటే, పిక్క కండరంలో వెయ్యికి పైగా ఉంటాయి. శరీరం ఈ యూనిట్లను ఒక వరుసలో పనిలోకి దించుతుందని శరీరశాస్త్రవేత్త హెన్నెమన్ 1965లో వివరించారు. తేలిక పనికి చిన్న యూనిట్లు చాలు; శ్రమ పెరిగేకొద్దీ పెద్ద యూనిట్లు ఒక్కొక్కటిగా తోడవుతాయి. కుర్చీలోంచి చటుక్కున లేవడానికి, కాలు జారినప్పుడు నిలదొక్కుకోవడానికి కావలసినవి ఆ పెద్ద యూనిట్లే, వయసుతో, మంచాన పడటంతో ఎక్కువగా దెబ్బతినేవీ అవే. మంచం మీద పడుకుని గాలిలో కాలు ముప్పై సార్లు సులభంగా ఊపే రోగిలో ఆ యూనిట్లు మేల్కోనే లేదు. వ్యాయామం బలాన్ని పెంచాలంటే అది కష్టంగా ఉండాలనడానికి శరీరశాస్త్రం చూపే కారణం ఇదే.

ఈ సంగతి చికిత్సలోకి వచ్చింది యుద్ధ గాయాల ద్వారానే. షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకు అప్పటి ఆచారం ప్రకారం తేలిక బరువుతో ఎక్కువసార్లు చేసే వ్యాయామాలు ఇస్తుండగా, థామస్ డిలార్మ్ అనే యువ వైద్యుడు బరువులు పెంచి, సార్లు తగ్గించి చూశారు. ఫలితాలను 1945లో ప్రచురించారు. కొంతకాలానికి ఆయన స్థిరపరచిన పద్ధతి నేటికీ పనికొస్తుంది: సరిగ్గా 10 సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువెంతో కనుక్కుని, మొదట అందులో సగంతో 10 సార్లు, తర్వాత ముప్పావుతో 10 సార్లు, చివరికి పూర్తి బరువుతో 10 సార్లు ఎత్తించాలి, బలం పెరిగేకొద్దీ ఆ బరువును మళ్ళీ కొలిచి పెంచాలి.

ముసలితనంలో ఇదంతా జరిగే పనేనా అన్న సందేహానికి 1990లో బోస్టన్ పరిశోధకులు జవాబిచ్చారు. సగటున 90 ఏళ్ళ వయసున్న 10 మంది వృద్ధాశ్రమ వాసులతో, ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా పెంచుతూ, 8 వారాల పాటు తొడ కండరాలకు సాధన చేయించారు. సాధన పూర్తిచేసినవారిలో బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ మధ్యలో కండరం పరిమాణం మాత్రం 9 శాతమే పెరిగింది. ఈ రెండు అంకెలకూ మధ్య ఉన్న దూరం గమనించదగింది. మొదటి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం నాడీ వ్యవస్థ నుంచి వస్తుంది. అప్పటిదాకా నిద్రాణంగా ఉన్న యూనిట్లను మెదడు, వెన్నుపాము మళ్ళీ పనిలోకి దించడం, వాటిని వేగంగా, ఒక్కతాటి మీద నడిపించడం నేర్చుకుంటాయి. కండరం కొలతకందేలా లావెక్కడానికి సాధారణంగా ఆరు, ఎనిమిది వారాలు దాటాలి. నెల రోజులు చేసినా తొడ సన్నగానే ఉందని నిరాశపడి మానేసేవారు ఈ క్రమం తెలిస్తే మానరు.

బలం పోవడానికి మాత్రం అంత కాలం పట్టదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను 10 రోజులు మంచం మీదే ఉంచిన మరో పరిశోధనలో, వారి కాళ్ళ నుంచే దాదాపు ఒక కిలో కండరం కరిగిపోయింది. జ్వరానికో తుంటి ఎముక విరిగో ఆసుపత్రిలో చేరిన పెద్దవారిని కదలనివ్వకుండా ముద్దలు పెడుతూ పడుకోబెట్టే మన ప్రేమ వారికి ఎంత ఖరీదైనదో దీన్ని బట్టి ఊహించవచ్చు. వైద్యుడు అనుమతించిన మొదటి రోజే మంచం అంచున కూర్చోబెట్టడం, భోజనానికి కుర్చీలోకి మార్చడం, బాత్రూమ్ దాకా నడిపించడం కూడా పునరావాస చికిత్సే.

మోతాదు నిర్ణయించేటప్పుడు కండరం స్థాయిని చూస్తారు. 1, 2 స్థాయిల్లో ఉన్న కండరానికి పౌడర్ పలక మీద, తాళ్ళకు వేలాడదీసి, లేదా నీటి తొట్టిలో కాలి బరువు తగ్గించి సాధన చేయిస్తారు, విద్యుత్ ప్రేరణ కూడా తోడు చేస్తారు. 3కు చేరాక ఆ అవయవం సొంత బరువే చాలు. అది దాటాక ఇసుక నింపిన బరువు పట్టీలు, రబ్బరు బ్యాండ్లు, కుర్చీలోంచి లేవడం, మెట్టు ఎక్కడం వంటివి వస్తాయి. సాధారణ క్షీణత ఉన్నవారికి వారంలో రెండు, మూడు రోజులు, ఒక్కో కండర సమూహానికి 8 నుంచి 12 సార్లు చొప్పున రెండు మూడు విడతలు, చివరి రెండు సార్లు నిజంగా కష్టమనిపించేంత బరువుతో చేయిస్తారు. 12 సార్లు తేలికగా చేయగలిగిన రోజున బరువు పెంచాలి. మూడు నెలలైనా అదే అరకిలో పట్టీతో సాధన సాగుతుంటే ఆ వ్యాయామం తన పని మానేసి చాలా కాలమైందని అర్థం.

మోకాలి శస్త్రచికిత్స తర్వాత

మోకీలు మార్పిడి చేయించుకున్నవారిలో నెల రోజుల తర్వాత కొలిస్తే క్వాడ్రిసెప్స్ బలం శస్త్రచికిత్సకు ముందున్న దానిలో సగటున 60 శాతం దాకా తగ్గి కనిపిస్తుంది. కండరాన్ని ఎవరూ కోసి తీసేయలేదు, నరం తెగలేదు, అయినా బలం ఎక్కడికి పోయింది? కండరం సన్నబడటం ఒక కారణమే. అంతకన్నా పెద్ద కారణం, వాచిన కీలు నుంచి వెళ్ళే సంకేతాలు వెన్నుపాములో ఆ కండరాన్ని నడిపే నాడీకణాలను అణచివేయడం. నొప్పి లేకపోయినా ఇది జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలోకి 20, 30 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించి చూసిన ప్రయోగాల్లో కూడా తొడ లోపలి వైపు కండరం మందగించింది.

కనుక ఇక్కడ చికిత్స వాపుతో మొదలవుతుంది. ఐసు పెట్టడం, కాలిని ఎత్తులో ఉంచడం, కట్టు బిగించడం కండరానికి సంకేతం దారి తెరిచే పనులు. మడమ కింద చిన్న తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలి వెనక భాగాన్ని పరుపుకు నొక్కుతూ తొడను ఐదారు సెకన్లు బిగించమంటారు. మొదటి రోజుల్లో చాలామందికి పిరుదు బిగుస్తుంది గాని తొడ బిగుసుకోదు. అప్పుడు రోగి చేతినే చిప్ప పైన ఆనించి, కండరం బిగిసిందో లేదో తానే తెలుసుకునేలా చేస్తే పట్టు త్వరగా దొరుకుతుంది. తొలి వారాల్లో విద్యుత్ ప్రేరణ నిజంగా ఉపయోగపడే చోటు కూడా ఇదే, ఎందుకంటే అణచివేతను తప్పించి నేరుగా కండరాన్ని ముడిచేలా చేస్తుంది. అయితే అది కండరం గట్టిగా బిగిసేంత తీవ్రతతో ఉండాలి, చర్మం మీద చీమలు పాకినట్టుండే కరెంటుతో బలం రాదు. మోకాలు ఎంత వంగిందనే లెక్కే ఇళ్ళలో అందరూ అడుగుతారు; మెట్లు దిగగలగడం మాత్రం తొడ బలం మీద ఆధారపడుతుంది, దాన్ని అడిగేవారు తక్కువ.

పక్షవాతం: బలంతో పాటు నేర్పు

పక్షవాతంలో కండరం మొదట ఆరోగ్యంగానే ఉంటుంది, దాన్ని నడిపించే మెదడు భాగం దెబ్బతింటుంది. అందువల్ల ఇక్కడి సాధన చాలావరకు మెదడుకు మళ్ళీ నేర్పే సాధన, ఏ పని కావాలో ఆ పనినే వందల సార్లు చేయించడం దాని సారం. గ్లాసు అందుకోవాలంటే గ్లాసునే అందుకోవాలి, లేచి నిలబడాలంటే లేచి నిలబడే సాధనే చేయాలి. వేళ్ళు బిగుసుకుపోయి ముడుచుకుంటున్న చేతికి మెత్తటి బంతి ఇచ్చి రోజంతా నొక్కించడం మన ఇళ్ళలో అలవాటు. ఆ చేతికి ముడుచుకోవడం అప్పటికే ఎక్కువైంది, కొరవడింది తెరుచుకోవడం. కనుక పట్టుకున్న వస్తువును వదలడం, వేళ్ళు చాపడం మీద శ్రమ పెట్టడం మేలు. చేయి పూర్తిగా పడిపోయిన దశలో రోగిని లేపేటప్పుడు ఆ చేయి పట్టుకుని లాగడం మరో పొరపాటు. భుజాన్ని పట్టి ఉంచే కండరాలు పనిచేయనప్పుడు కీలు జారి, నెలల తరబడి వేధించే నొప్పి మొదలవుతుంది. లేపవలసినప్పుడు వీపు, నడుము దగ్గర ఆసరా ఇవ్వాలి.

ఎప్పుడు, ఎంత అన్న ప్రశ్నకు రెండు పెద్ద పరిశోధనలు మన అంచనాలను సరిదిద్దాయి. ఎంత తొందరగా లేపితే అంత మంచిదన్న నమ్మకాన్ని 2,104 మందితో పరీక్షించిన అవెర్ట్ అధ్యయనంలో, మొదటి 24 గంటల్లోనే ఎక్కువ మోతాదులో నడిపించినవారికి మూడు నెలల తర్వాత ఫలితం కొద్దిగా తక్కువగా వచ్చింది. 2015లో వెలువడిన ఈ ఫలితం తర్వాత, మొదటి రోజు చిన్నచిన్న విడతలుగా, తర్వాత క్రమంగా పెంచుతూ పోవడం సరైనదిగా భావిస్తున్నారు. రెండోది మన దేశానిదే. ఫిజియోథెరపిస్టులు అందరికీ అందుబాటులో ఉండరు కనుక కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంట్లో చేయిస్తే సరిపోతుందా అని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో చేసిన అటెండ్ అధ్యయనం 2017లో వెలువడింది. ఆరు నెలల తర్వాత మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతం చొప్పునే ఉన్నారు. ఇంటివారి శ్రమకు విలువ లేదని దీనికి అర్థం చెప్పుకోకూడదు. రోగిని కూర్చోబెట్టడం, పుండ్లు పడకుండా చూడడం, సాధనకు తోడుండడం వారు లేకుండా జరగవు. అయితే నైపుణ్యం ఉన్న చికిత్సకు అదొక్కటే ప్రత్యామ్నాయం కాలేదని, జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టుల సంఖ్య పెంచకుండా ఈ లోటు పూడదని నేను దీన్నుంచి గ్రహిస్తున్నాను.

అదుపులో ఉంచవలసిన చోట

డుషేన్ కండర క్షీణతతో పుట్టిన మగపిల్లవాడికి మూడు నాలుగేళ్ళ వయసులో పిక్కలు లావుగా కనిపిస్తాయి, ఇంట్లోవాళ్ళు బలంగా ఉన్నాడని సంతోషిస్తారు. నేల మీంచి లేవమంటే ఆ బాబు బోర్లా తిరిగి, చేతులు నేలకు ఆనించి, తర్వాత తన మోకాళ్ళ మీద, తొడల మీద చేతులు వేసుకుంటూ ఎగబాకినట్టు లేస్తాడు. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ లేనందున అతని కండర తంతువుల పొర బలహీనంగా ఉండి, కండరం సాగుతూ బరువు మోసే పనుల్లో, అంటే మెట్లు పదేపదే దిగడం, బరువులు కిందికి దించడం వంటి వాటిలో, చిరిగిపోతుంది. బలం పెంచుదామని ఇలాంటి పిల్లవాడికి బరువులు కట్టడం హానికరం. ఈత, తేలికగా సైకిల్ తొక్కడం, రోజూ చీలమండలను సాగదీయడం, రాత్రి పట్టీలు, వైద్యుడు రాసిన స్టెరాయిడ్లు అతనికి తగిన దారి.

పోలియో తర్వాత దశాబ్దాలకు వచ్చే బలహీనతలోనూ ఇలాంటి జాగ్రత్త అవసరం. భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదై, 2014 మార్చిలో మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. అయితే చిన్నప్పుడు పోలియో సోకి నేడు నలభై, యాభై ఏళ్ళ వయసులో ఉన్నవారు మన మధ్య ఎందరో ఉన్నారు. మిగిలిన కొద్ది నాడీకణాలే ఎన్నో తంతువుల భారాన్ని మోస్తూ వచ్చి అలసిపోవడం వల్ల వారికి కొత్తగా శక్తి తగ్గుతుంది. మధ్యమధ్య విశ్రాంతితో, అలసట రాకముందే ఆగే సాధన వారికి సరిపడుతుంది. వ్యాయామం చేసిన మర్నాడు నొప్పి, అలసట, బలహీనత ముందు కన్నా ఎక్కువైతే మోతాదు మించిందని అర్థం. గిలియన్-బారే నుంచి కోలుకుంటున్నవారికీ ఇదే కొలబద్ద పనికొస్తుంది. మయస్థీనియా ఉన్నవారు మందు వేసుకున్నాక బలం బాగా ఉండే వేళ చూసుకుని సాధన చేయాలి.

తిండి, ఆ తర్వాత లెక్క

సాధన ఒక్కటే కండరాన్ని కట్టలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవారికి రోజుకు శరీర బరువులో కిలోకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. వృద్ధుల్లో కండరాన్ని నిలుపుకోవడానికి 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని అంతర్జాతీయ నిపుణుల అభిప్రాయం. 60 కిలోల పెద్దాయనకు రోజుకు 60 నుంచి 72 గ్రాములన్న మాట. రెండు పూటలా అన్నం, చారు, పచ్చడితో సరిపెట్టుకునే పళ్ళెంలో ఇందులో సగం కూడా రావడం కష్టం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 7 గ్రాములు ఉంటాయి. పలచటి పప్పుచారు కన్నా ముద్దపప్పు, దానితో పెరుగు, శనగలు, చేప, గుడ్డు వంటివి మూడు పూటలకూ పంచుకుంటే లెక్క కుదురుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

చికిత్స మొదలుపెట్టే రోజున ఫిజియోథెరపిస్టును అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ రోజు నా బలం ఎంతని కొలిచారు, ఏ పని చేయగలగడం మన లక్ష్యం, ఎన్ని వారాలకు మళ్ళీ కొలుస్తారు? ఇంట్లో గోడ క్యాలెండర్ మీదే ప్రతి ఆదివారం కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి పట్టిన సెకన్లు, ఎత్తిన బరువు రాసుకోవచ్చు. చేతుల సాయం లేకుండా లేవలేనివారు కుర్చీ మీద రెండు దిళ్ళు వేసుకుని మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా తీసేస్తూ రావచ్చు. మోతాదు సరిపోయి, తిండి సరిపోయి, సాధన తప్పకుండా జరిగినా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఈ అంకెల్లో ఏ మార్పూ లేకపోతే, లేదా అవి తగ్గుతూ పోతే, రోగి సరిగా చేయడం లేదని నిందించే ముందు రోగ నిర్ధారణనే మళ్ళీ తెరిచి చూడాలి. థైరాయిడ్, విటమిన్ డి, బి12, కండర ఎంజైమ్ పరీక్షలు, నరాల వేగం కొలిచే పరీక్ష, అవసరమైతే వెన్నెముక ఎంఆర్‌ఐ చేయించడానికి నరాల వైద్యుడి దగ్గరికి తిరిగి పంపవలసిన సమయం అది.